దెయ్యం చెప్పింది సాక్ష్యం, తీర్పు కాదు

అపరాధ పరిశోధన కథల్లోకి దెయ్యాన్ని తీసుకొస్తున్న సినీ రచయితలకు, దర్శకులకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీ తరహా సినిమా వస్తోందంటే మొదటి ఆటకే వెళ్లే ప్రేక్షకుల్లో నేనొకదాన్ని. హత్య కథ చూస్తున్నప్పుడు ‘ఎవరు చేశారు’ అని ఆలోచిస్తాం. దెయ్యం కథ చూస్తున్నప్పుడు ‘ఇప్పుడేం జరుగుతుందో’ అని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాం. ఈ రెండూ కలిసిన చోట మూడో ప్రశ్న ఒకటి పుడుతుంది. అసలు ఈ కథ జరుగుతున్న లోకం ఎలాంటిది? అక్కడ చచ్చినవాళ్లు తిరిగి రాగలరా, లేక ఎవరో పనిగట్టుకుని అలా నమ్మిస్తున్నారా? తెర మీద పరిశోధకుడికీ ఆ సంగతి తెలియదు, కుర్చీలో కూర్చున్న మాకూ తెలియదు. ఇద్దరం ఒకే చీకట్లో తడుముకుంటూ నడుస్తాం. ఇంత గొప్ప వీలు మరే తరహా కథకూ లేదు. దాన్ని మీలో చాలామంది రెండో సగంలో చేజేతులా పాడుచేసుకుంటున్నారు. అది చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

కొన్ని సినిమాల ముగింపులు ఇందులో చెప్పక తప్పదు. చూడనివారు మన్నించాలి.

నా ఫిర్యాదు ఒకే ఒక్క సన్నివేశం గురించి. అది మీకు బాగా తెలిసిందే. అప్పటిదాకా పరిశోధకుడు చెమటోడ్చి ఉంటాడు. శవపరీక్ష నివేదికలో గాయం ఏ వైపు నుంచి మొదలైందో చూసి హంతకుడిది ఎడమచేతి వాటమని పసిగడతాడు. గదికి లోపలి నుంచి గడియ వేసి ఉంది. కిటికీ ఊచల కింద తుప్పు రాలి ఉంది. అర్ధరాత్రి దాటాక మృతురాలి ఫోనుకు వచ్చిన కాల్ నిమిషమైనా సాగలేదు. ఇవన్నీ మేమూ గుర్తుపెట్టుకుంటాం, ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూసుకుంటాం. ఇంతలో ఆ ఇంట్లో ఒక పాత్రను ఆత్మ ఆవహిస్తుంది. జుట్టు విరబోసుకుంటుంది, గొంతు మారుతుంది, ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, శవాన్ని ఎక్కడ పూడ్చారు, అన్నీ ఆత్మే పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. ఆ తర్వాత పరిశోధకుడు చేయగలిగింది పక్కకు తప్పుకుని చూడడమే. ఎడమచేతి వాటం ఏమైంది? కిటికీ కింది తుప్పు సంగతేమిటి? ఆ కాల్ ఎవరిది? ఎవరికీ పట్టదు. హతురాలే ఫిర్యాదుదారు, ఆమే సాక్షి, ఆమే న్యాయమూర్తి, చివరికి శిక్ష అమలు చేసేదీ ఆమే. మరి మొదటి సగమంతా మా చేత కూపీ ఎందుకు లాగించారు?

దెయ్యం ఉండకూడదని నేను అనడం లేదు. దెయ్యం నోరు విప్పకూడదనీ అనడం లేదు. అది చెప్పే మాటను సాక్ష్యంగా కథలో పెట్టండి, తీర్పుగా పెట్టకండి. సాక్షి అన్నాక పొరబడవచ్చు, దాచవచ్చు, కోపంతో ఎక్కువచేసి చెప్పవచ్చు, తనకు తెలియనిది తెలిసినట్టు చెప్పవచ్చు. వెనక నుంచి దెబ్బ తిని పడిపోయిన మనిషికి కొట్టిందెవరో ఎలా తెలుస్తుంది? చనిపోగానే సర్వం తెలిసిపోతుందని మీరెందుకు అనుకుంటున్నారు?

ఇది ఎంత బాగా పండుతుందో 1950లోనే జపాన్ దర్శకుడు అకీరా కురోసావా ‘రషోమోన్’లో చూపించారు. అడవిలో ఒక సమురాయ్ చనిపోయాడు. దొరికిన బందిపోటు ఒకలా చెబుతాడు, సమురాయ్ భార్య ఇంకోలా చెబుతుంది. మూడో సాక్షి చనిపోయిన సమురాయే. పూనకం వచ్చే ఒక స్త్రీని విచారణ జరిగే ఆవరణలోకి తెస్తారు. గాలి లేస్తుంది, ఆమె బట్టలు రెపరెపలాడతాయి, ఆడమనిషి నోట మగగొంతు వినిపిస్తుంది. ఒళ్లు జలదరించే ఘట్టం అది. మామూలుగా అయితే కథ అక్కడితో తేలిపోవాలి. చచ్చినవాడే వచ్చి చెబుతుంటే ఇంకెవరి మాట కావాలి? కానీ ఆ గొంతు ‘నన్నెవరూ చంపలేదు, బాకుతో నేనే పొడుచుకున్నాను’ అంటుంది. అది బందిపోటు మాటతోనూ పొసగదు, భార్య మాటతోనూ పొసగదు. ప్రాణం పోయినా ఆ మనిషికి పరువు మీద మమకారం పోలేదు. పోయినవాడు కూడా తనను తాను కాపాడుకుంటూ మాట్లాడుతున్నాడు.

అంతటితో అయిపోలేదు. అదే వాంగ్మూలంలో చివర ఒక చిన్న మాట ఉంది. ప్రాణం పోతుండగా ఎవరో దగ్గరికి వచ్చి గుండెలో దిగిన బాకును మెల్లగా బయటికి లాగారని. కాసేపటికి, ప్రత్యక్ష సాక్షినని చెప్పుకున్న కట్టెలు కొట్టేవాడి కథ డొల్లపోయేది సరిగ్గా అక్కడే. అంత విలువైన బాకు ఏమైంది, కాజేసింది నువ్వే కదా అని పక్కవాడు నిలదీస్తే అతని నోట మాట రాదు. ఆత్మ చెప్పినదాంట్లో నమ్మలేనిదీ ఉంది, అక్కరకొచ్చిన ఆధారమూ ఉంది. ఏది ఏదో తేల్చుకోవలసిన పని బతికున్నవాళ్లకు, మనకు వదిలారు. మీ ఫ్లాష్‌బ్యాక్‌లో ఆత్మ చెప్పే ముప్పై మాటల్లో ఒక్కటి అబద్ధమైతే చాలు. మీ పరిశోధకుడికి మళ్లీ పని దొరుకుతుంది, మాకు మళ్లీ ఊపిరి బిగుస్తుంది.

అపరాధ పరిశోధన సాహిత్యం దెయ్యాన్ని గడప దాటనివ్వని రోజులున్నాయి. 1928లో అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ ఈ తరహా కథలకు 20 నియమాలు రాశారు. ప్రేతాత్మలను పిలిపించడం, ఎదుటివారి మనసు చదవడం లాంటి పద్ధతులతో చిక్కు విప్పడం నిషిద్ధమన్నారు. మరుసటి ఏడాది ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ పది సూత్రాలు చెప్పారు. అతీంద్రియ శక్తులేవీ పనికిరావన్నది అందులో రెండోది. నాక్స్ స్వయంగా క్రైస్తవ మతాచార్యుడు. దైవాన్ని మనసారా నమ్మే మనిషే కథలోకి అద్భుతాన్ని రానివ్వలేదంటే కారణం గట్టిదే అయి ఉండాలి. చదివేవాడితో ఆడే ఆట న్యాయంగా ఉండాలన్నదే ఆ కారణం. ఏదైనా జరగగల లోకంలో దేన్నీ ఊహించలేం. ఊహించడానికి వీల్లేని చోట పాఠకుడికి పని లేదు.

ఆ నిషేధం ఇవాళ అక్కర్లేదు. దాని వెనుక ఉన్న కారణానికి మాత్రం ఇప్పటికీ విలువ ఉంది. నిజానికి నాక్స్ కన్నా చాలా ముందే, 1910లో, విలియం హోప్ హాడ్జ్‌సన్ అనే ఆంగ్ల రచయిత కార్నాకీ అనే దెయ్యాల పరిశోధకుణ్ణి సృష్టించారు. దెయ్యం తిరుగుతోందన్న ఇంటికి కార్నాకీ కెమెరా తీసుకెళ్తాడు, తలుపులకు సీళ్లు వేస్తాడు, తాను నిద్రపోయినప్పుడు ఎవరైనా దాటారా లేదా తేల్చుకునేలా ఏర్పాట్లు చేసుకుంటాడు. కొన్ని కేసుల్లో అది మనుషుల మోసమని తేలుతుంది, కొన్నింటిలో నిజంగానే దెయ్యమని తేలుతుంది. ఒక కథలో రెండూ ఉంటాయి. మోసగాడు పట్టుబడ్డాక అసలుది వస్తుంది. దర్యాప్తు పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే. దెయ్యం ఉందో లేదో ముందే నిర్ణయించుకుని అతను ఏ ఇంట్లోనూ అడుగుపెట్టడు. మీ పరిశోధకుల్లో ఎందరి గురించి ఈ మాట అనగలం?

దెయ్యాన్ని రానిచ్చాక దానికి ఒక కట్టుబాటు పెట్టాలి. ఇక్కడ నాకు ఎప్పటికీ తీసిపారేయలేని ఉదాహరణ 1998లో హిదెయో నకాటా తీసిన ‘రింగు’. ఒక వీడియో టేపు చూసినవాళ్లు వారం రోజులకు చనిపోతున్నారు. రేకో అనే విలేకరి దాని గుట్టు తెలుసుకోవాలని బయలుదేరి, తానూ ఆ టేపు చూసేస్తుంది. మాజీ భర్త ర్యూజీకి ఒక కాపీ తీసి చూపిస్తుంది. ఇద్దరూ కలిసి టేపులోని బొమ్మలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు, పాత పత్రికలు తిరగేస్తారు, చివరికి ఒక బావిలో దశాబ్దాలుగా పడి ఉన్న సడాకో అనే అమ్మాయి అవశేషాలను వెలికితీస్తారు. రేకోకు పెట్టిన గడువు దాటిపోతుంది, ఆమె బతికే ఉంటుంది. దిక్కులేని ఆత్మకు విముక్తి దొరికింది, శాపం తీరింది అనుకుంటాం. అలా అనుకోవడం మనకు అలవాటు చేసింది మీలాంటివాళ్లే.

మర్నాడు ర్యూజీ చనిపోతాడు.

ఆ సినిమాలో అసలైన పరిశోధన మొదలయ్యేది ఇక్కడే. ఇద్దరూ అదే శాపానికి చిక్కారు, ఇద్దరూ ఆ బావి దగ్గరే ఉన్నారు. ఒకరు బతికారు, ఒకరు పోయారు. తాను చేసి అతను చేయనిది ఏమిటి? టీవీ తెర మీద నీడలా కనిపించిన ఒక ఆకారం వేలెత్తి ఆమె సంచి వైపు చూపిస్తుంది. ఒక్క మాట మాట్లాడదు. సంచిలో ఉన్నది ఆ కాపీ టేపు. అప్పుడు ఆమెకు అర్థమవుతుంది: తాను కాపీ తీసింది, ఇంకొకరికి చూపించింది. అతను ఆ పని చేయలేదు. సడాకోకు కావలసింది విముక్తి కాదు, వ్యాప్తి. ఇప్పుడు, ఆ టేపు చూసేసిన తన కొడుకును బతికించుకోవాలంటే ఆ టేపును మరొకరి చేతిలో పెట్టాలి.

ఈ ముగింపులో దెయ్యం ఉంది, అది ఏ సందేహమూ లేకుండా నిజమైన దెయ్యమే. అయినా గుట్టు తేలింది తర్కంతోనే. రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి వాటి మధ్య ఉన్న ఒకే ఒక్క తేడాను వెతకడం, రోగకారణం వెతికే వైద్యుడు చేసే పనే అది. ఆత్మ సాయం చేసింది, కానీ వేలు చూపించడం దగ్గరే ఆగిపోయింది. కనిపెట్టింది రేకో. కనిపెట్టడం ఆమెది కాబట్టే ఆ తర్వాత ఆమె చేయబోయే ఘోరమైన పని బరువు కూడా ఆమెదే అయింది. దెయ్యమే వచ్చి ‘కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వు’ అని చెప్పి ఉంటే ఆ భయంలో సగం మిగిలేది కాదు.

మీ సినిమాల్లో దెయ్యాలకు ఇలాంటి నియమం కనబడదు. మొదటి సగంలో గడప దాటలేని దెయ్యం క్లైమాక్స్‌లో పక్క జిల్లాలో ప్రత్యక్షమవుతుంది. ఒకసారి గోడలోంచి దూరి వస్తుంది, ఇంకోసారి తాళం వేసిన గదిలో చిక్కుకుంటుంది. పగవాణ్ణి రెండో రోజే చంపగల శక్తి ఉండి కూడా నిండు సినిమా పొడవునా ఆగుతుంది. ఎందుకు ఆగింది? ఇంటర్వెల్ దాకా కథ నడవాలి కాబట్టి. ప్రేక్షకుడికి ఇది తెలిసిపోతుంది. దెయ్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎవరి జోలికి రాదు అనేది ముందే చూపించండి. చెప్పించనక్కర్లేదు, చూపిస్తే చాలు. ఆ తర్వాత మీరు ఎంత భయపెట్టినా మాకు అభ్యంతరం లేదు.

దెయ్యం నిజమని తేలిన క్షణంలో పరిశోధకుణ్ణి అవమానించే అలవాటు ఒకటుంది. ‘నువ్వు నమ్మవు కదా, ఇప్పుడు చూడు’ అన్నట్టు అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెడతారు. నమ్మకం మారడానికీ బుద్ధి పనిచేయడం మానేయడానికీ సంబంధం లేదు. టిమ్ బర్టన్ 1999లో తీసిన ‘స్లీపీ హాలో’లో ఇకబాడ్ క్రేన్ అనే పోలీసు పరిశోధకుడు శాస్త్రీయ పద్ధతులనే నమ్ముకుని, హత్యలు జరుగుతున్న ఊరికి వస్తాడు. తల లేని రౌతును కళ్లారా చూశాక వణికిపోయి మంచం పట్టిన మాట నిజమే. కానీ లేచాక అతను వేసే ప్రశ్న చూడండి. ఆ రౌతు ఉన్నాడు, సరే, అతను ఈ మనుషులనే ఎందుకు చంపుతున్నాడు? ఈ చావులన్నీ ఎవరికి లాభం? అక్కడినుంచి దారి వీలునామాకు, ఆస్తికి, రౌతు పుర్రెను చేతిలో పెట్టుకుని అతన్ని ఆడిస్తున్న మనిషికి చేరుతుంది. రౌతు కత్తి లాంటివాడు. పట్టుకున్న చెయ్యి వేరే ఉంది. దెయ్యం ఉన్న కథలోనూ హత్యకు కారణం మనిషి దురాశే అయినప్పుడు పరిశోధకుడి చదువు, తెలివి వృథా పోవు.

అతీంద్రియ శక్తిని తలుపు తీయడానికి మాత్రమే వాడుకున్న సినిమా కూడా ఉంది. 1975లో దారియో అర్జెంటో తీసిన ‘డీప్ రెడ్’ మొదట్లో ఒక స్త్రీ సభలో మాట్లాడుతూ, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఒక హంతకుడు ఉన్నట్టు తన మనసుకు తెలుస్తోందని వణికిపోతుంది. ఆమె శక్తి బూటకమని సినిమా ఎక్కడా అనదు. ఆమెకు తెలిసింది నిజమే. అందుకే ఆ రాత్రి ఆమె హత్యకు గురవుతుంది. ఇక కేసు తేల్చవలసింది వీధిలోంచి ఆ హత్యను చూసిన పియానో వాద్యకారుడు మార్క్. అతను పరుగున మేడ ఎక్కి, వరసగా చిత్రపటాలు వేలాడుతున్న సన్నని నడవా గుండా గదిలోకి వెళ్తాడు. తర్వాత అతన్ని ఒకటే సంగతి పీడిస్తుంది: ఆ నడవాలో తాను చూసిన ఒక పటం ఇప్పుడు అక్కడ లేదు. సినిమా చివరికి గానీ అసలు సంగతి తట్టదు. అతను చూసింది పటం కాదు, అద్దం. అందులో కనిపించింది హంతకురాలి ముఖం.

ఆ నడవా షాట్‌ను వెనక్కి తిప్పి చూడండి. ఆ ముఖం నిజంగానే అక్కడ ఉంది. అతనితోపాటు మనమూ చూశాం, పట్టించుకోకుండా దాటిపోయాం. దర్శకుడు దేన్నీ దాచలేదు, అబద్ధం చెప్పలేదు. ఇలాంటి ధైర్యం మీలో ఒక్కరికి ఉన్నా వాళ్ల ప్రతి సినిమాకూ రెండుసార్లు టికెట్ కొంటాను.

ఇక రెండో జాతి సినిమాలు. దెయ్యం లేదు, అంతా మనిషి పనే అని చివర్లో తేల్చేవి. వీటి మీద నాకు గౌరవం ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ అప్పు తీర్చాల్సిన బాధ్యత ఉంది. మమ్మల్ని భయపెట్టిన ప్రతి చప్పుడుకూ, ప్రతి నీడకూ లెక్క చెప్పాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఊయల దానంతట అదే ఊగింది కదా, దాన్ని ఎవరు ఊపారు? ఆ దృశ్యాన్ని ఏ పాత్రా చూడలేదు, చూసింది మీ కెమెరా ఒక్కటే. అంటే ఒక పాత్ర భ్రమపడిందని కూడా తప్పించుకోలేరు. మీ కెమెరాయే మాకు అబద్ధం చెప్పింది. ‘అదంతా ఆస్తి కోసం ఆడిన నాటకం’ అని ఒక్క డైలాగుతో మసిపూసి మారేడుకాయ చేస్తే మేం ఒప్పుకోవాలా?

ఈ జాతికి పెద్దదిక్కు 1901లో పత్రికలో ధారావాహికగా మొదలైన షెర్లాక్ హోమ్స్ నవల, ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’. ఒక వంశాన్ని వెంటాడే పిశాచపు వేటకుక్క కథ అది. సినిమాగా ఎన్నోసార్లు వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక బూటు. లండన్ హోటల్లో వారసుడి కొత్త బూటు ఒకటి మాయమవుతుంది, తర్వాత దొరుకుతుంది. ఈలోగా పాత బూటు ఒకటి పోతుంది. చూడటానికి నవ్వొచ్చే దొంగతనం. హోమ్స్ దాన్ని పట్టుకుని ఆలోచిస్తాడు. కొత్త బూటు వద్దనుకుని పాతదాని కోసం ఎవరు తాపత్రయపడతారు? మనిషి వాసన కావలసినవాడు. వాసన ఎవరికి కావాలి? ముక్కు ఉన్న నిజమైన కుక్కకు. పిశాచానికి వాసన చూపించి ఉసిగొల్పాల్సిన పని లేదు కదా! బీడు భూముల్లో నిప్పులు కక్కుతూ కుక్క పరుగెత్తుకొచ్చే ఘట్టానికి ఎంతో ముందే, నగరంలో ఒక హోటల్లో, దెయ్యం లేదని రుజువైపోయింది. అయినా ఆ కుక్క వచ్చినప్పుడు మనం వణుకుతాం. వివరణ దొరికితే భయం పోతుందని మీలో కొందరు అనుకుంటారు. అది ఉత్త అపోహ.

మనదేశంలో ఈ దారిలో మైలురాయి 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’. మధు ముట్టం రాయగా ఫాజిల్ దర్శకత్వం వహించారు. అక్కడ డిటెక్టివ్ స్థానంలో ఉన్నది మానసిక వైద్యుడు. అతను చేసేదంతా పరిశోధనే. ఇంట్లో జరిగినవాటిని ఒక్కొక్కటిగా గమనిస్తాడు, ఒకరి మీద అనుమానం ఉన్నట్టు నటిస్తూ ఇంకొకరిని కనిపెట్టుకుని ఉంటాడు, ఆ ఇంటి కోడలు గంగ బాల్యం గురించి ఆరా తీస్తాడు. తర్వాత భర్తకు ముందే చెప్పి ఒక పరీక్ష పెడతాడు: ఆమె ఆశపడి బయలుదేరుతున్న ప్రయాణానికి వెళ్లవద్దని అనమంటాడు. అప్పుడు ఆమె మారిపోవడం, ఒంటిచేత్తో మంచాన్ని ఎత్తడం మనం చూస్తాం. అది భయపెట్టడానికి పెట్టిన సన్నివేశం మాత్రమే కాదు. ఇది దెయ్యం కాదు, ఆమె మానసిక వ్యాధే అన్న ఊహను రుజువు చేసిన ప్రయోగం అది. పైగా ఆ వైద్యుడు భూతవైద్యుణ్ణి వెక్కిరించడు, తన చికిత్సలో అతన్నీ కలుపుకుంటాడు. నమ్మేవాళ్లనూ నమ్మనివాళ్లనూ ఒకే గదిలో గౌరవంగా కూర్చోబెట్టిన కథ అది.

దాని తర్వాత జరిగిందే బాధాకరం. ఆ రుజువును, ఆ ఓర్పును వదిలేసి, వ్యాధి పేరు ఒక్కటే తీసుకున్నారు. ఇప్పుడు ఏ చిక్కుముడి విప్పలేకపోయినా క్లైమాక్స్‌లో ఒక డాక్టరు వచ్చి ఇది ఫలానా జబ్బు అంటాడు, అంతే. ఆ జబ్బు ఉన్న మనిషి గోడల మీద పాకగలదు, తెలియని భాషలు మాట్లాడగలదు, రాత్రికి రాత్రి ముగ్గుర్ని చంపి పొద్దున్నే ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టగలదు. మానసిక వ్యాధితో బాధపడేవాళ్లు నిజంగా ఉన్నారు, వాళ్ల ఇళ్లలోవాళ్లు మీ సినిమాలు చూస్తున్నారు. హంతకుడు దొరకని ప్రతిసారీ వాళ్లను పట్టుకొచ్చి నిలబెట్టడం కథా లోపమే కాదు, అన్యాయం కూడా. ఈ విషయంలో నేను ఏ రాజీకీ సిద్ధంగా లేను.

దెయ్యం ఉందా లేదా అన్నది తేల్చకుండా వదిలేసేవి మూడో రకం. తెలుసుకోలేని స్థితిలో, అటూ ఇటూ ఊగే ఆ సందేహంలోనే ఇలాంటి సాహిత్యం ప్రాణం ఉందని సాహిత్య విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ 1970లో ఒక గ్రంథమే రాశారు. నేను ఒప్పుకుంటాను. అయితే తేల్చకపోవడం వేరు, తేల్చలేకపోవడం వేరు. నా హాంగ్-జిన్ 2016లో తీసిన కొరియన్ చిత్రం ‘ది వెయిలింగ్’ రెండున్నర గంటలు నడుస్తుంది. కొండల మధ్య ఊళ్లో కుటుంబాలకు కుటుంబాలు ఘోరంగా చచ్చిపోతుంటాయి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన జపాన్ మనిషి, తెల్లబట్టల యువతి, డబ్బిచ్చి పిలిపించిన మాంత్రికుడు, ముగ్గురిలో కీడు చేస్తున్నది ఎవరో కేసు చూస్తున్న ఊరి పోలీసుకు అంతుపట్టదు. ప్రతి ఒక్కరి మీదా ఆధారం ఉంది. జపాన్ మనిషి ఇంట్లో చనిపోయినవాళ్ల ఫోటోలు కనబడ్డాయి. చివర్లో మాంత్రికుడి దగ్గర ఉన్న పెట్టె కింద పడితే అందులోంచీ ఫోటోలే చెల్లాచెదురవుతాయి. కూతుర్ని కాపాడుకోవాలని తల్లడిల్లుతున్న ఆ పోలీసు, కోడి మూడుసార్లు కూసేలోపు ఒకరి మాట నమ్మాలి. ఇక్కడ సందేహం ఆధారాలు లేక పుట్టలేదు, ఎక్కువై పుట్టింది. మీరు తీసే ‘ప్రేక్షకుడికే వదిలేశాం’ ముగింపుల్లో వదిలేయడానికి ముందు మాకు ఏమిచ్చారని?

చప్పుళ్ల గురించి ఒక మాట. చెవులు చిల్లులు పడేలా నేపథ్య సంగీతం మోగించడం భయపెట్టడం కాదు, ఉలిక్కిపడేలా చేయడం. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లో ఒక స్త్రీ రాత్రి ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. వెనక, చిరుతగా మారుతుందేమోనన్న అనుమానం ఉన్న ఇంకో స్త్రీ అడుగుల చప్పుడు. రెండు జతల మడమల చప్పుడు కాసేపు వింటాం. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. ఆమె వెళ్లిపోయిందా, లేక ఇప్పుడు నడుస్తున్న పాదాలు మనిషివి కావా? చెవులు రిక్కించి మనమే దర్యాప్తు మొదలుపెడతాం. అప్పుడు బుస్సుమంటూ ఒక బస్సు వచ్చి ఆగుతుంది. గుండె ఆగినంత పనవుతుంది. ముందున్న నిశ్శబ్దంలో మన చేత ఆలోచింపజేశారు కాబట్టే ఆ బస్సు అంత పని చేసింది.

అన్నీ తేలిపోయాక, దెయ్యం లేదని రుజువయ్యాక, పేర్లు పడబోయే ముందు బొమ్మ కళ్లు తెరుచుకునే ఆఖరి షాట్‌ను దయచేసి మానేయండి. రెండో భాగం మీద ఆశతో మొదటి భాగపు నిజాన్ని అమ్ముకోవడం అది. పరిశోధకుడు కష్టపడి చెప్పిన జవాబును మీరే వెనక నుంచి కొట్టేసినట్టవుతుంది.

మీకు పనికొచ్చే పరీక్ష ఒకటి చెబుతాను. కథా చర్చల్లో స్క్రిప్టు పూర్తయ్యాక, ఆత్మ మాట్లాడే సన్నివేశాన్ని మొత్తంగా తీసి పక్కన పెట్టండి. మిగిలిన కాగితాలను కథ తెలియని ఒకరికి ఇవ్వండి. హంతకుడెవరో వాళ్లు ఊహించగలిగితే, కనీసం ఇద్దరు ముగ్గురిని గట్టిగా అనుమానించగలిగితే, మీ పరిశోధన నిలబడినట్టే. ఇప్పుడు ఆత్మను మళ్లీ పెట్టుకోండి, దానికి ఇష్టమొచ్చినంత మాట్లాడించండి. ఏమీ తోచక తెల్లమొహం వేస్తే మాత్రం మీ దగ్గర డిటెక్టివ్ కథ ఇంకా లేదు. షూటింగుకు వెళ్లకండి.

ఇంకోటి కూడా అడుగుతాను. ఆత్మ తన పగ తీర్చుకుని వెళ్లిపోయాక, మీ పోలీసు అధికారి స్టేషన్‌కు తిరిగొచ్చి కేసు డైరీ తెరవాలి కదా. ముగ్గురు చనిపోయారు, పై అధికారులు నివేదిక అడుగుతారు, చనిపోయినవాళ్లకు పెళ్లాం బిడ్డలున్నారు. అతను అందులో ఏం రాస్తాడు? తాను చూసింది రాస్తే ఉద్యోగం ఉండదు, అబద్ధం రాస్తే ఇన్నాళ్లూ నిజం కోసం తిరిగిన మనిషి అతనే. ఆ సన్నివేశాన్ని మీలో ఎవరైనా రాయండి. చూడటానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మీ సినిమాలను వదలకుండా చూసే ఒక ప్రేక్షకురాలు